తెల్లనివన్నీ పాలేనా?

తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్ళు అనుకునే వాళ్ళని మన పెద్దలు అమాయకులన్నారు. లోకం పోకడ తెలియని వాళ్ళని జాలిపడ్డారు. ఆ సామెత పుట్టిన రోజుల్లో ప్రకటనల కంపెనీలు లేవు కాబట్టి సరిపోయింది. వుండి వుంటే జాలిపడేవాళ్ళు కాదు, దొరికారురా గిరాకీ అని చంకలు గుద్దుకునేవాళ్ళు. ఎందుకంటే మన దేశంలో యాభై ఏళ్ళుగా ఒక పెద్ద వ్యాపారం ఆ ఒక్క అమాయకత్వం మీదే నడుస్తోంది. తెల్లగా వున్న పిల్ల పాలు. నల్లగా వున్న పిల్ల నీళ్ళు. పాలకి ధర వుంటుంది, నీళ్ళనెవరు కొంటారు? (నీళ్ళు కూడా సీసాల్లో కొనుక్కుంటున్న రోజులివి. అది వేరే సంగతి.)

నేను ముఖం తెల్లబరుస్తామనే క్రీముల ప్రకటనల గురించి మాట్లాడుతున్నానని మీకీపాటికి తెలిసే వుంటుంది. "ఇంకా ఆ గొడవేమిటండీ, అదంతా పాత కథ, ఇప్పుడు వాటి పేర్లు కూడా మార్చేశారుగా" అంటారేమో. పేరు మారిన మాట నిజమే. ఆ ముచ్చట కూడా చెబుతాను. ముందు అసలు కథ వినండి.

1975లో హిందూస్థాన్ లీవర్ కంపెనీ 'ఫెయిర్ అండ్ లవ్లీ' అనే ట్యూబుని బజారులోకి తెచ్చింది. అంతకుముందు మనకి స్నోలూ పౌడర్లూ లేవని కాదు. కానీ పౌడరు వేసుకుంటే ముఖం కడుక్కునేదాకానే తెలుపు. కడుక్కున్నాక ఎవరి రంగు వాళ్ళదే. ఈ ట్యూబు అలా కాదు, వున్న రంగునే మారుస్తానంది. దాని ప్రకటనల్లో కథ మాత్రం ఎప్పుడూ ఒక్కటే. ఒక అమ్మాయి దిగులుగా కూర్చుని వుంటుంది. పెళ్ళివారు చూసి వెళ్ళిపోయారు, లేకపోతే ఉద్యోగం రాలేదు. స్నేహితురాలో అక్కో వచ్చి ట్యూబు చేతిలో పెడుతుంది. ఆ తర్వాత రంగుల దుకాణంలో గోడలకి వేసే రంగుల కార్డు చూపించినట్టు, ఒకే ముఖం నాలుగైదు ఛాయల్లో వరసగా కనిపిస్తుంది. ఎక్కణ్ణించో గాలి వీస్తుంది, జుట్టు ఎగురుతుంది. కాదన్న వాళ్ళంతా నోరు తెరుచుకుని చూస్తారు. ముప్పయి సెకన్లలో కథ సుఖాంతం. నవలలు రాసుకునే నాబోటి వాళ్ళకి అసూయ పుట్టాల్సిందే. నాయిక కష్టాలు తీర్చడానికి మాకు కనీసం పాతిక వారాలు పడుతుంది!

అయితే ఆ కథలో ఒక్క సంగతి గమనించండి. ఆ అమ్మాయికి జ్వరం లేదు. చర్మవ్యాధి లేదు. చదువు రాదనో, మాట తీరు బాగాలేదనో కూడా ఎవరూ అనలేదు. ఆమెకున్న జబ్బల్లా పుట్టుకతో వచ్చిన రంగు. జబ్బు లేని చోట మందు అమ్మాలంటే ముందు జబ్బుని అమ్మాలి. అమ్మారు. మనం కొన్నాం.

ఈ ప్రకటనల్లో అన్నిటికంటే పేరు మోసినది ఒకటుంది. ఇల్లు గడవక అవస్థ పడుతున్న ఒక తండ్రి, కొడుకైనా వుంటే బాగుండేదని నిట్టూరుస్తాడు. ఆ మాట కూతురి చెవిన పడుతుంది. ట్యూబు రాసుకుంటుంది, తెల్లబడుతుంది, ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం సంపాదిస్తుంది, ఇల్లు నిలబెడుతుంది. అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం, అదే ఐద్వా, దీని మీద ఫిర్యాదు చేసి పోరాడింది. 2003లో ఆ ప్రకటన ఆగిపోయింది.

ప్రకటన ఆగిపోయింది గానీ అందులో వున్న లెక్క మాత్రం ఆగలేదు. ఆ లెక్క ఏమిటో విప్పి చూద్దాం. ఆ అమ్మాయి చేసిన నేరాలు రెండు. ఒకటి, కొడుకుగా పుట్టకపోవడం. రెండు, తెల్లగా పుట్టకపోవడం. మొదటిదానికి దేశంలో ఏ కంపెనీ దగ్గరా మందు లేదు. అందుకని రెండోదానికి మందు వేస్తే మొదటిది మాఫీ అయిపోతుందని బేరం పెట్టారు. అంటే ఆడపిల్లగా పుట్టడం ఒక అప్పు, తెల్లదనంతో ఆ అప్పు తీర్చుకోవాలి. నల్లగా కూడా పుట్టిందా, అప్పు మీద వడ్డీ! రంగుని కించపరచడం, ఆడపుట్టుకని కించపరచడం వేరువేరు తప్పులని మనం అనుకుంటాం. ప్రకటనల వాళ్ళకి అవి వేరువేరు కావు. ఒకే ట్యూబులో కలిపి పట్టించారు.

ఇంకో తమాషా చూడండి. మొదట్లో ఈ ప్రకటనలు పెళ్ళి కాదని బెదిరించేవి. ఆడపిల్లలు చదువుకుని ఉద్యోగాల్లోకి రావడం మొదలయ్యేసరికి ఇవి కూడా వాళ్ళ వెంట ఆఫీసుల దాకా వచ్చేశాయి. విమానంలో ఉద్యోగం కావాలా? క్రికెట్ వ్యాఖ్యాతవి కావాలా? ముందు తెల్లబడు. "చూశారా, మేం ఆడవాళ్ళని వంటింట్లోంచి బయటికి తెచ్చాం, స్వశక్తి మీద నిలబెట్టాం" అని చెప్పుకున్నారు కూడా. నాకైతే పాత బెదిరింపే నయమనిపిస్తుంది. అప్పుడు నల్లపిల్లకి ఒక్క దిగులే వుండేది. ఈ అభ్యుదయం పుణ్యమా అని రెండయ్యాయి.

సరే, 2005లో మగవాళ్ళ వంతు వచ్చింది. ఇమామీ కంపెనీ 'ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్' తెచ్చింది. ఆడవాళ్ళ క్రీము దొంగచాటుగా ఎందుకు రాసుకుంటారు, మగవాడికి మగవాడి క్రీము వుండాలి అని ప్రచారం. ఆడవాళ్ళ వస్తువు ముట్టుకుంటే మగతనానికి మచ్చ అన్నమాట. తెలుపు అందరికీ కావాలిట గానీ, ఆ తెలుపులో కూడా ఆడ తెలుపు వేరు, మగ తెలుపు వేరు!

ఈ మగవాళ్ళ క్రీము గురించిన ఒక కోర్టు కథ మీకు తప్పకుండా చెప్పాలి. ఢిల్లీలో ఒకాయన 2013లో 79 రూపాయలు పెట్టి ఆ ట్యూబు కొన్నాడు. చెప్పినట్టే వాడానన్నాడు. తెల్లబడలేదు. వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు చేశాడు. కంపెనీ ఏమందో తెలుసా? ఆయన దాన్ని సరిగ్గా వాడాడని రుజువు లేదు. ఫలితం రావాలంటే క్రీము ఒక్కటే చాలదు, మంచి ఆహారం తినాలి, వ్యాయామం చెయ్యాలి, శుభ్రమైన పరిసరాల్లో వుండాలి. పైగా అది 16 నుంచి 35 ఏళ్ళ లోపు యువకుల కోసం చేసిన సరుకు. ఈ షరతులన్నీ డబ్బా మీద లేవే అని ఫోరం అడిగింది. 2024 డిసెంబరులో తీర్పు చెబుతూ ఆ కంపెనీ మీద పద్నాలుగున్నర లక్షల రూపాయలు వేసింది. మంచి తిండి, వ్యాయామం, శుభ్రత వుంటే ఎవరి ముఖమైనా కళకళలాడుతుంది. మధ్యలో 79 రూపాయల ట్యూబు దేనికన్నది ఆ కంపెనీయే చెప్పాలి.

ఈ కథ విని నవ్వుకోవచ్చు. కానీ నాకు నవ్వుతో పాటు మరో ఆలోచన కూడా వచ్చింది. ఆ మగవాడు తెల్లబడకపోతే కంపెనీ అబద్ధమాడింది అనుకున్నాడు. మరి మన ఆడపిల్లలు? ఇన్నేళ్ళుగా ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని ట్యూబులు ఖాళీ అయ్యాయి! మహిళా సంఘాలు పోట్లాడిన మాట నిజమే. కానీ ఇంట్లో అద్దం ముందు నిలబడ్డ అమ్మాయి ఏమనుకుంటుంది? "రోజూ రెండుపూటలా రాయలేదేమో. ఎండలో తిరిగానేమో. నాది మొండి నలుపేమో." క్రీముని తప్పు పట్టదు, తన చర్మాన్ని తప్పు పడుతుంది. ఆడదానికి ఏ పని చెడినా తప్పు తనదే అనుకోవడం మనం ఉగ్గుపాలతో నేర్పుతాం కదా. ఆ పెంపకమే ఈ వ్యాపారానికి అసలు పెట్టుబడి. పనిచెయ్యని సరుకుని మళ్ళీ మళ్ళీ కొనే గిరాకీ ఇంకెక్కడ దొరుకుతుంది?

ప్రకటనల వాళ్ళని అడిగితే ఒక సమాధానం ఎప్పుడూ సిద్ధంగా వుంటుంది. "మేం సమాజానికి అద్దం పడుతున్నామండీ. తెలుపు పిచ్చి మీ ఇళ్ళల్లోనే వుంది. మేం పుట్టించలేదు."

ఇందులో సగం నిజముంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. కడుపుతో వున్న కోడలికి కుంకుమపువ్వు కలిపిన పాలిచ్చి, మనవడో మనవరాలో తెల్లగా పుట్టాలని చూసేది ఏ కంపెనీ? మన భాషే చూడండి. అందగాడంటే 'ఎర్రగా బుర్రగా' వుండాలి. నలుపుకి కొంచెం దయ తలిస్తే 'చామనఛాయ' అంటాం. మరీ నలుపైతే "పిల్ల నలుపే గానీ కళగా వుంటుంది" అంటాం. ఆ 'గానీ' వుందే, ఎంత చిన్న మాట! తెల్లపిల్లకి ఆ మాట ఎవరూ వాడరు. "పిల్ల తెలుపే గానీ మంచిది" అని ఎవరైనా అనగా విన్నారా? నల్లపిల్లకి చదువైనా, గుణమైనా, కళైనా ఆ 'గానీ' దాటుకుని రావాల్సిందే. ఇంకా మరీ ముద్దు చెయ్యాలంటే "నలుపు నారాయణ మెచ్చు" అని ఓదారుస్తాం. నారాయణుడు మెచ్చుకుంటే సరిపోతుందా, పెళ్ళికొడుకు తల్లి మెచ్చుకోవద్దూ? రాముడు నీలమేఘశ్యాముడు, కృష్ణుడి పేరే నలుపు, ద్రౌపదికి కూడా కృష్ణ అని పేరు. పూజ గదిలో నలుపు వుండొచ్చు. పెళ్ళిపీటల మీద మాత్రం వుండకూడదు.

కాబట్టి విత్తనం మనదే. ఒప్పుకుందాం. కానీ అద్దం అన్నమాట మాత్రం ఒప్పుకోను. అద్దం వున్నది చూపించి వూరుకుంటుంది. "ఈ ముఖం బాగాలేదు, డబ్బు పడెయ్, ఇంతకంటే మంచిది ఇస్తాను" అనదు. సమాజంలో కట్నం కూడా వుంది. కట్నం తగ్గిందని కోడల్ని హింసించే ఇళ్ళూ వున్నాయి. అది వుంది కదా అని "మా బీరువా కొనివ్వండి, మీ అమ్మాయిని అత్తగారు కొట్టదు" అని ప్రకటన వేస్తే వూరుకుంటామా? ఉన్న చెడ్డని చూపించడం వేరు, ఆ చెడ్డని బేరానికి వాడుకోవడం వేరు. మన పెరట్లో మొలిచిన ముళ్ళమొక్కకి వీళ్ళు నీళ్ళు పోసి, ఎరువు వేసి, పంట కోసుకుని, "మొక్క మీదేగా" అంటున్నారు.

ఇది నా ఒక్కదాని కోపం కాదు. చట్టంలో కూడా వుంది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో, జాతినీ కులాన్నీ రంగునీ మతాన్నీ ఎగతాళి చేసే ప్రకటనలు వెయ్యకూడదని వుంది. ఆడవాళ్ళని అణిగిమణిగి వుండేవాళ్ళుగా, ఇంట్లోనూ బయటా రెండో స్థానంలో వుండాల్సిన వాళ్ళుగా చూపించకూడదని కూడా వుంది. ఇవి చదివి మన టీవీ ఒక్క సాయంత్రం చూడండి. ప్రకటనలకి హద్దులు చెప్పుకోవడానికి ఆ వ్యాపారం వాళ్ళే 1985లో పెట్టుకున్న మండలి ఒకటుంది. ఆస్కీ అంటారు దాన్ని. నల్లగా వున్నవాళ్ళని దిగులుగా, అందం లేనివాళ్ళుగా, పెళ్ళికీ ఉద్యోగానికీ పనికిరాని వాళ్ళుగా చూపించకూడదని ఆ మండలి 2014లో నియమాలు చేసింది. అంటే మొదటి ట్యూబు వచ్చిన 39 ఏళ్ళకి! ఈలోగా ఒక తరం అమ్మాయిలు ఆ ప్రకటనలు చూస్తూ పుట్టి పెరిగి పెళ్ళిళ్ళు చేసుకుని తల్లులయ్యారు.

ఈ తెలుపు బేరం మన దేశం ఒక్కదానిదే అనుకోకండి. 1880లలో ఇంగ్లండులో పియర్స్ సబ్బుకి ఒక బొమ్మ ప్రకటన వేశారు. తెల్లపిల్లవాడు నల్లపిల్లవాణ్ణి తొట్టిలో స్నానం చేయిస్తాడు. తొట్టిలోంచి లేచేసరికి నల్లపిల్లవాడి ముఖం తప్ప ఒళ్ళంతా తెల్లబడి వుంటుంది. అంటే వాళ్ళ దృష్టిలో నలుపు రంగు కాదు, మురికి. ఆఫ్రికానీ ఆసియానీ ఏలుతున్న జాతికి ఆ వూహ చాలా హాయిగా వుండేది. మేం దోచుకోవడం లేదు, కడిగి శుభ్రం చేస్తున్నాం అనుకోవచ్చు కదా! వందేళ్ళు దాటాక, 2017లో డవ్ సబ్బుల కంపెనీ వేసిన ప్రకటనలో ఒక నల్లజాతి స్త్రీ తన జాకెట్టు తీసేసరికి లోపల్నించి తెల్లజాతి స్త్రీ వచ్చింది. లోకమంతా దుమ్మెత్తి పోస్తే క్షమించమన్నారు.

ఇక్కడొక వింత. ఆ డవ్ వున్నది యూనిలీవర్ కంపెనీ చేతిలో. మన తెల్లబరిచే ట్యూబు కూడా ఆ కుటుంబం సరుకే. 2004 నుంచీ ఆ డవ్ "అసలైన అందం" అనే ప్రచారం చేస్తోంది. మీరెలా వున్నారో అలాగే అందంగా వున్నారు, మీ ఒంటిని మీరు ప్రేమించుకోండి అని బోధ. అదే ఇంటి నుంచి అదే కాలంలో ఇక్కడి అమ్మాయికి వచ్చిన కబురు, నువ్విలా వుంటే లాభం లేదు, ఈ ట్యూబు రాసుకో అని. ఇద్దరు కోడళ్ళున్న అత్తగారు పెద్దకోడలితో "నీకేమమ్మా, బంగారు బొమ్మవి" అని, చిన్నకోడలితో "వెళ్ళి ముఖం కడుక్కురా" అన్నట్టు లేదూ? అటువంటి అత్తగారిని మనం ఏమంటామో ఆ కంపెనీని కూడా అదే అనాలి.

ఇప్పుడు పేరు మార్పు సంగతి. 2020 మే 25న అమెరికాలో మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి నొక్కితే ఊపిరాడక చచ్చిపోయాడు. దేశదేశాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. సరిగ్గా నెలకి, జూన్ 25న, హిందూస్థాన్ యూనిలీవర్ తన ట్యూబు పేరులోంచి 'ఫెయిర్' అనే మాట తీసేస్తామంది. జులైలో 'గ్లో అండ్ లవ్లీ' అని నామకరణం చేసింది. ఆడవాళ్ళ సంఘాలు ఏళ్ళ తరబడి అడిగితే కదలని అక్షరాలు, అమెరికా వీధులు మండేసరికి నెలరోజుల్లో కదిలాయి. ఇక్కడి నల్లపిల్ల ఉసురు తగలలేదు. అక్కడి వ్యాపారానికి సెగ తగిలింది.

అదే నెలలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మన దేశంలో అమ్ముతున్న తన తెల్లబరిచే సరుకుని అమ్మడమే మానేస్తామంది. అంటే మానెయ్యడానికి కూడా దారి వుందన్నమాట. మనవాళ్ళు మానెయ్యలేదు, పేరు మార్చారు. మగవాళ్ళ క్రీముకి కొత్తగా పెట్టిన పేరు నాదంటే నాదని రెండు కంపెనీలూ కోర్టుకి కూడా వెళ్ళాయి! 'తెలుపు' పోయి 'కాంతి' వచ్చింది. కానీ ఆ కాంతి ఏ రంగు ముఖం మీద పడుతోందో చూడండి. నిజంగా నల్లని అమ్మాయి, నల్లగానే వుండి, ఆ నలుపులోనే మెరిసిపోతూ ఎన్ని ప్రకటనల్లో కనిపించింది మీకు? గుడి పేరు మార్చినంత మాత్రాన లోపలి దేవుడు మారతాడా?

ఇక తెల్లబడిన ఆ అమ్మాయి సంగతేమైంది? పెళ్ళయిందిగా. తర్వాతి కథ తెలుసుకోవాలంటే ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. వెంటనే వచ్చే ప్రకటనలో కనిపిస్తుంది. బట్టల సబ్బు పొడి ప్రకటనలో బకెట్ ముందు నవ్వుతూ వుంటుంది. పిల్లవాడు బురదలో దొర్లి వస్తే నవ్వుతుంది, మొగుడు చొక్కాకి కూర మరక చేసుకొస్తే నవ్వుతుంది. ముఖం తెల్లబరుచుకోవడం అయిపోయింది, ఇక మొగుడి చొక్కాలు తెల్లబరచాలి! ముఖం క్రీమూ, బట్టల సబ్బూ ఒకే సీరియల్లో రెండు భాగాలు. మొదటి భాగంలో ఆమెని సరుకు చేస్తారు, రెండో భాగంలో పనిమనిషిని చేస్తారు. భార్య మీద ప్రేమున్న మగవాడు ఫలానా ప్రెషర్ కుక్కర్ కొనకుండా ఎలా వుంటాడని వెనకటికి దేశమంతా మోగిన ప్రకటన ఒకటుంది. ప్రేమకి గుర్తుగా ఆమెకి దొరికింది ఇంకాస్త వంట. ఆయన ప్రేమకి ఆయనే వంట చేసిపెట్టొచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

నేను కల్పించి చెప్పడం లేదు. 2019లో మన దేశంలో ఎక్కువమంది చూసిన వెయ్యికి పైగా ప్రకటనలని యూనిసెఫ్, గీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి పరిశీలించి 2021లో లెక్కలు ప్రకటించాయి. ప్రకటనల్లో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువసేపు కనిపిస్తారట, ఎక్కువ మాట్లాడతారట. సంతోషించబోతున్నారా? ఆగండి. సబ్బులూ, వంటసరుకులూ, అందం సామగ్రీ మనచేత కొనిపించడానికి! ఆ ప్రకటనల్లో ఆడవాళ్ళలో 66.9 శాతం మంది తెలుపో, తెలుపుకి దగ్గరగానో వున్నారు. మగవాళ్ళలో ఆ లెక్క 52.1 శాతమే. మగవాడు కాస్త నల్లగా వున్నా కారు నడపొచ్చు, బ్యాంకు గురించి చెప్పొచ్చు. ఆడది మాత్రం పప్పు తాలింపు పెట్టడానికి కూడా తెల్లగా వుండాలి.

మారితే సరుకు అమ్ముడుపోదన్నది కూడా వట్టి సాకు. 2015లో ఏరియల్ బట్టల సబ్బు వాళ్ళు, బట్టలుతకడం ఒక్క ఆడదాని పనేనా అని అడుగుతూ ప్రకటనలు మొదలుపెట్టారు. ఆ కంపెనీ మునిగిపోలేదు. అయినా సబ్బు కంపెనీలు మనల్ని వుద్ధరిస్తాయని నేను అనుకోను. అడిగే వాళ్ళుంటే వాళ్ళు కూడా మాట మారుస్తారని మాత్రం అనుకుంటాను.

"ప్రకటనేగా, చూసి నవ్వుకుని వదిలెయ్యొచ్చుగా" అనే వాళ్ళకోసం ఒక మాట. మా పక్క వీధిలో ఒక అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. టీవీలో చూపించే ట్యూబుతో ఫలితం కనిపించక, ఎవరో చెప్పారని మందుల షాపులో ఇంకో ట్యూబు కొని ఏడాదిపాటు రాసుకుంది. మొదటి రెండు నెలలు అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత బుగ్గలు కందిపోయి, చర్మం పల్చబడి లోపలి నరాలు కనిపించసాగాయి. చెంపల మీద నూగు జుట్టు మొలిచింది. ఎండలోకి వస్తే మంట. మానేస్తే ఇంకా మంట. అందులో వున్నది స్టెరాయిడ్. డాక్టరు చీటీ మీద కొద్దిరోజులు మాత్రమే వాడాల్సిన మందు. ఇటువంటి పూతమందులని చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం 2018లో నియమం పెట్టింది. అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి చున్నీతో ముఖం కప్పుకుని వెళుతోంది. ఆమెకి ఆ మందు అమ్మినవాడు ఎవడో. కానీ అది కావాలనుకునేలా చేసిన వాళ్ళు చాలామంది, అందులో ఇంటివాళ్ళూ వున్నారు.

ఇంతకీ ఆ పిల్ల వదుల్చుకోవాలనుకున్నదేమిటి? మెలనిన్ అనే రంగు పదార్థం. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ ఇంచుమించు ఒకే సంఖ్యలో వుంటాయి. అవి తయారుచేసే రంగులోనే తేడా. మన ఎండలకి ఒంటికి ప్రకృతి పట్టిన గొడుగు అది. రోహిణీకార్తె ఎండలో గొడుగు పారేసుకోవడానికి డబ్బులిచ్చే వాళ్ళని ఏమనాలి?

మరి మనమేం చెయ్యాలి? కాదనడం నేర్చుకోవాలి. పెద్ద మొత్తం ఇస్తామన్నా తెల్లబరిచే క్రీము ప్రకటన చెయ్యనన్నానని మన 'ఫిదా' సినిమా కథానాయిక సాయిపల్లవి 2019లో చెప్పింది. ఆమె వదులుకున్నది పెద్ద మొత్తం. మనం వదులుకోవాల్సింది చాలా కొంచెం. రంగునో ఆడపుట్టుకనో కించపరిచే ప్రకటన కనిపిస్తే ఆస్కీకి ఫిర్యాదు చెయ్యొచ్చు. పైసా ఖర్చు లేదు. ఇంట్లో నల్లపిల్ల గురించి ఎవరైనా 'గానీ' అన్నప్పుడు, అక్కడే ఆపి, "గానీ ఏమిటండీ?" అని అడగొచ్చు. దానికీ ఖర్చు లేదు. కాస్త మొహమాటం ఖర్చవుతుంది, అంతే.

ఇంకొక్కటి మిగిలింది. ఏ కంపెనీ ప్రమేయం లేకుండా మనమే డబ్బు కట్టి వేయించే ప్రకటన ఒకటుంది. ఆదివారం పేపర్లో 'వధువు కావలెను'. అందులో 'తెల్లని' అనే మాట పెట్టమని ఏ బొంబాయి కంపెనీ మనకి చెప్పలేదు. పెళ్ళి సంబంధాలు చూపించే షాదీ డాట్ కామ్ వాళ్ళు కూడా, ఆడవాళ్ళు సంతకాలు పెట్టి నిలదీస్తే, రంగుని బట్టి ఏరుకునే ఏర్పాటుని 2020లో తీసేశారు. మనం మాత్రం ఇంకా రాస్తూనే వున్నాం. ఈసారి మీ అబ్బాయికో తమ్ముడికో మరిదికో సంబంధం కోసం ప్రకటన రాసేటప్పుడు చదువు రాయండి, ఉద్యోగం రాయండి, కావాలంటే ఎత్తు కూడా రాయండి. ఆ రంగు మాట ఒక్కటి కొట్టెయ్యండి. పేపరు వాళ్ళు మాటకింతని లెక్కకట్టి పుచ్చుకుంటారు. ఆ డబ్బులు కూడా మిగులుతాయి.